గాలిరేడు నాలుగో జత

రంగుల మాస్టారికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, ఆయనకీ, ఆయన భార్యకీ. నలభై ఏళ్లు పిల్లల బొమ్మల పత్రికకి రంగులు వేసిన మనిషికి పచ్చిమిరపకాయా పండుమిరపకాయా ఒకేలా కనిపిస్తాయంటే ఎవరు నమ్ముతారు? నమ్మరు గనకే బండి ఇన్నాళ్లు నడిచింది.

నిజానికి ఆయన గీతల మనిషి. రంగులు వేసే అతను ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేస్తే, యజమాని ఈయన్ని పిలిచి రంగులు వేయడం వచ్చా అని అడిగాడు. కొత్తగా పెళ్లయినవాడు, రాదంటే ఉన్న ఉద్యోగం ఊడుతుందేమోనని వచ్చనేశాడు. ఇంటికెళ్లి పెళ్లాం ముందు కూలబడ్డాడు. ఆమె ముందు కడుపుబ్బ నవ్వింది, తర్వాత లేచి నాలుగు చిన్న పింగాణీ గిన్నెలు కడిగింది. అప్పటినుంచీ అదే పద్ధతి. ఆమె రంగులు కలిపి ఎడమ నుంచి కుడికి వరసగా పెడుతుంది. మొదటి గిన్నె ఒంటిమీది బట్టకి, రెండోది ఆ బట్ట నీడకి, మూడోది వీపున ఎగిరే దుప్పటికి, నాలుగోది దుప్పటి నీడకి. మాస్టారు రంగు చూడడు, గిన్నె ఎన్నోదో చూస్తాడు. చూసేవాళ్లకి ఆమె కుంచెలు కడిగిపెట్టే ఇల్లాలు, అంతే.

ఏ రంగులో ఏది ఎంత కలపాలో ఒక పుస్తకంలో రాసుకుంటానని ఆమె మొదట్లోనే అడిగింది. వద్దన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం ఆయన. ఆ పుస్తకం ఎవరి కంటైనా పడితే కొంప మునుగుతుందని భయం. దాంతో నలభై ఏళ్ల రంగులూ ఆమె తలలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు ఆ తల మీదే ఆయనకి అనుమానం పట్టుకుంది.

నెల కిందట బడిపుస్తకం కోసం వేసిన కూరగాయల బొమ్మ తిరిగొచ్చింది. టమాటాలు ఆకుల రంగులో, ఆకులు టమాటాల రంగులో ఉన్నాయని వెంట ఒక చీటీ. తనే గిన్నెలు తారుమారు చేశానేమో అనుకున్నాడు. ఆమె కూడా అలాగే అంది, కానీ అనేముందు ఆ బొమ్మని చాలాసేపు చూసింది. ఆ చూపు ఆయనకి నచ్చలేదు. తర్వాత రెండుసార్లు ఆమె పక్కింటావిణ్ణి పేరు మార్చి పిలిచింది. పొయ్యి మీద నీళ్లు పెట్టి, ఎందుకు పెట్టిందో మరిచి నిలబడింది. పేర్లు ఎవరైనా మరిచిపోతారు, వయసు మీద పడింది, అని సరిపెట్టుకున్నాడు. రంగుల మాటేమిటి? పరీక్ష పెడదామంటే తనకి తెలిస్తేగా. పోనీ ఇంకొకరిని అడుగుదామంటే గుట్టు రట్టవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సరిగ్గా అప్పుడే పత్రిక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఎగిరే వీరుడు 'గాలిరేడు' బొమ్మల కథ నలభై ఒకటో సంచికని మళ్లీ అచ్చు వేస్తారట.

ఆ సంచిక కథ పాత పాఠకులకి నోటికి వచ్చు. మంటల్లో దూకి జనాన్ని కాపాడిన గాలిరేడు దుస్తులు కాలిపోతాయి. మర్నాడు ఒక ముసలి దర్జీ నాలుగు కొత్త జతలు కుట్టి, అతణ్ణి అద్దం ముందు నిలబెట్టి ఒక్కొక్కటే తొడిగి చూస్తాడు. ఒక్క పేజీలో నలుగురు గాలిరేళ్లు. ఏ జత బాగుందో రాయమంటే పిల్లల ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చాయి. నాలుగోది గెలిచింది. ఆకుపచ్చ చొక్కా, ఎర్ర దుప్పటి. ఆ కథలు ఆగిపోయేదాకా గాలిరేడు అదే జత తొడుక్కున్నాడు. మిగతా మూడూ ఆ ఒక్క పేజీ దాటి బయటికి రాలేదు. మాస్టారి అసలు బొమ్మ గోదాములో తడిసి ముద్దయింది. మిగిలిన ఒకే ఒక్క ప్రతిని చట్రం కట్టి కిటికీకి ఎదురుగా వేలాడదీసిన మహానుభావుడెవరో గానీ, ఎండకి నాలుగు జతలూ టీ రంగుకి తిరిగాయి. అందుకే మాస్టారే వచ్చి, పాత పాఠకుల ముందు, కెమెరా ముందు, ఆ పేజీకి మళ్లీ రంగులు వేయాలని ఆఫీసు వాళ్ల కోరిక.

మాస్టారు ఆరోగ్యం బాగాలేదని తప్పించుకోబోయాడు. వెనక నుంచి ఆమె, "వస్తామని చెప్పండి. ఆ నాలుగు జతలూ నా కళ్లముందే ఉన్నాయి" అంది. మొహం వెలిగిపోయింది. ఆయన సరేననేశాడు.

ఆరోజు హాల్లో ఓ ముప్ఫైమంది ఉన్నారు. జుట్టు నెరిసినవాళ్లే అంతా, చిన్నపిల్లల్లా మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నారు. కొత్త సంపాదకురాలు మాస్టారికి కుర్చీ లాగింది, ఆయన భార్యకి పక్కన ఓ స్టూలు చూపించింది. ఆమె రంగులు కలిపి గిన్నెలు వరసగా పెట్టింది.

మొదటి జత పసుపూ నీలమూ. ఆ రెండూ మాస్టారికి కనిపిస్తాయి గనక కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. రెండోది నలుపూ బూడిదా. అదీ గట్టెక్కింది. మూడోది ఇటుక రంగని ఆమె చెవిలో చెప్పింది. అది ఇటుకో, ఇంకోటో, ఆయనకి దేవుడే దిక్కు. జనం మాత్రం ఆహా అన్నారు. నిజంగా ఏ రంగుండేదో గుర్తున్నవాళ్లెవరు గనక.

నాలుగో జతకి ఆమె గిన్నెలు పెట్టడానికి చాలాసేపు పట్టింది. పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. మాస్టారు ఏమిటని కళ్లతోనే అడిగితే, ఏం లేదన్నట్టు తలూపింది. మొదటి గిన్నెలో కుంచె ముంచి చొక్కా నింపాడు. మూడో గిన్నెతో దుప్పటి నింపాడు.

కెమెరా పట్టుకున్నవాడు కంటికి ఆనించిన కెమెరా దించి పేజీకేసి చూశాడు.

సంపాదకురాలు వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అంది. "మాస్టారూ, చొక్కా ఎరుపు అయింది. దుప్పటి ఆకుపచ్చ అయింది."

ఆయన భార్యకేసి చూశాడు. ఆమె పేజీని చూస్తోంది. ఏదో తప్పు జరిగిందని ఆమెకి తెలుసు, ఏమిటో తెలియడం లేదు. పెదవులు కదిలాయి. "నేను..." అంటూ లేవబోయింది.

నెల రోజులుగా మాస్టారు దేనికి భయపడుతున్నాడో అది ముప్ఫైమంది ముందు బయటపడబోతోంది. తన గుట్టు సంగతి ఆ క్షణంలో ఆయనకి గుర్తే లేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"తప్పు నాదండీ" అన్నాడు. "నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు. పుట్టినప్పట్నించీ అంతే. మీరంతా మెచ్చుకున్న రంగులన్నీ ఈవిడవే. నేను గిన్నెలు చూసి పూసేవాణ్ణి. ఇవాళ ఈవిడ సరిగ్గానే పెట్టింది, నేనే ఒకదాని బదులు ఇంకోటి తీశాను."

ఛీ అంటారనుకున్నాడు, మోసగాడంటారనుకున్నాడు. వెనక వరసలో ఒక పెద్దాయన లేచి చప్పట్లు కొట్టాడు. తర్వాత హాలంతా కొట్టింది. ఆ చప్పట్లు తనకి కాదని మాస్టారికి అర్థమయ్యేలోపే సంపాదకురాలు స్టూలు దగ్గరికి వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు.

"ఇన్నేళ్లూ మీ పేరు ఎక్కడా వేయలేదమ్మా. ఈసారి వేస్తాం. ఈ నాలుగో జత మీ చేత్తోనే వేయండి. అందరం చూస్తాం" అంది.

ఆ పేజీ గీతలే ఉన్న ఇంకో కాగితం తెచ్చి పెట్టారు. కెమెరా ఆమె వైపు తిరిగింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మాస్టారికి. ఆమెకి చాతకాదు అనడానికి లేదు, అంతా ఆమే చేసిందని ఇప్పుడే తన నోటితో చెప్పాడు. ఆమె అలిసిపోయింది, ఇంకోరోజు చూద్దాం అంటూ ఏదో గొణిగాడు. ఎవరూ వినిపించుకోలేదు. ఆయన్ని లేపి, ఆయన కుర్చీలోనే ఆమెని కూర్చోబెట్టారు.

"గాలిరేడు చొక్కా ఆకుపచ్చ కదమ్మా" అని సంపాదకురాలు ప్రేమగా గుర్తుచేసింది.

"అవును, ఆకుపచ్చే" అంది ఆమె. కుంచె తీసుకుంది. నాలుగు గిన్నెల మీదా ఆమె చూపు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరిగింది. కుంచె గాల్లోనే ఆగింది. నవ్వుతూనే మాస్టారి వైపు వంగి, ఆయనకి మాత్రమే వినపడేలా అడిగింది.

"ఏమండీ, వీటిలో ఆకుపచ్చ ఏది?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆయన్ని రంగు అడగడం అదే మొదటిసారి. మాస్టారు గిన్నెల్లోకి చూశాడు. నాలుగూ ఆయనకి ఒకే మట్టి రంగులో ఉన్నాయి. ముప్ఫైమంది ఎదురుచూస్తున్నారు. ఆమె కూడా ఎదురుచూస్తోంది, ఆయనకి తెలుసునన్న ధీమాతో.

ఆయన ఒక గిన్నె మీద వేలు పెట్టాడు. ఆమె అందులో కుంచె ముంచింది.