నీలం అతుకు

ఫణికిరణ్ కారులోంచి దించిన సైకిలును చూడగానే సత్యానందం గుర్తుపట్టాడు. గుర్తుపట్టనట్టు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ పదకొండు బళ్లలో ఒక్కటైనా ఏదో ఒకరోజు ఏలూరులోని తన గుమ్మం ముందు ఆగుతుందని ఇరవయ్యారేళ్లుగా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఆగకూడదని కూడా అంతగానూ కోరుకున్నాడు.

ఫణికిరణ్‌ది తాడేపల్లిగూడెం. పాత సైకిళ్లు సేకరిస్తాడు, కొని అమ్ముతాడు. ఇప్పుడు కనకరత్నంగారి చరిత్ర రాస్తున్నానని చెప్పాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. చేపల చెరువుల గట్ల మీద ఇనుము ఏడాదికే పొక్కిపోయే ప్రాంతంలో, రైసుమిల్లు వెనక రేకుల షెడ్డులో, తుక్కులో కొన్న టైటానియం గొట్టాలతో తుప్పెరగని రేసు సైకిళ్లు తయారుచేసిన మనిషి. అవన్నీ అతికినవాడు ఒకడున్నాడని ఫణికిరణ్‌కు ఈమధ్యే ఒక పాత ఫొటో వల్ల తెలిసిందట.

"నకిలీవి తిరుగుతున్నాయండి. ఇది మీ షెడ్డుదేనని మీరు ఒక్కమాట రాసిస్తే చాలు," అన్నాడు. హ్యాండిల్ కింద, గొట్టాలు కలిసేచోట వేలితో నిమిరాడు. అక్కడ అతుకు చుట్టూ నెమలికంఠం నీలం. "ఇదే కదండీ ఆయన సంతకం."

సత్యానందం తలూపాడు. ఊపాక గాని తాను ఊపినట్టు తెలియలేదు.

టైటానియం కాలినప్పుడు గాలిని మింగేస్తుంది. అందుకే మంట ఆపాక కూడా, అతుకు చల్లారేదాకా గాలి సోకకుండా దాని మీద ఆర్గాన్ గ్యాసు వదులుతూనే ఉండాలి. అప్పుడది వెండిలా మిగులుతుంది. నీలం తిరిగిందంటే లోపలికి గాలి దూరిందని, అతుకు పెళుసైందని అర్థం. ఒక వానాకాలం రోడ్లు మునిగి విజయవాడ నుంచి సిలిండర్లు రాలేదు. ఉన్నదాన్ని పొదుపుగా వాడమన్నాడు కనకరత్నం. మొదటి నీలం అతుకు అలా వచ్చింది. కోసి పారేద్దామని సత్యానందం రంపం తీసేలోగా, బయట కూర్చున్న కొనుగోలుదారు లోపలికొచ్చి ముచ్చటపడ్డాడు. తన బండి అంతా అలాగే ఉండాలన్నాడు.

అది చెడిపోయిన అతుకని సత్యానందం యజమానికి ఒక్కసారి చెప్పాడు, మెల్లగా. రెండోసారి చెప్పలేదు. సిలిండర్లు వచ్చాక కూడా గ్యాసు ముందే కట్టేశాడు. ఎన్ని క్షణాలకు కడితే నీలం సమంగా పరుచుకుంటుందో సాధన చేసి పట్టుకున్నాడు. అందులో తన చెయ్యి తిరిగింది. ఆ నీలాన్ని చూసుకుని మురిశాడు. మిగతా అన్నిటికీ ఏదో ఒక సమాధానం దొరికేది గాని, ఆ మురిపానికి దొరకలేదు.

"ఆదివారం మా అమ్మాయి పద్మప్రియ దీనిమీద కొల్లేరు చుట్టి వస్తానంటోంది. రెండొందల కిలోమీటర్లు," అన్నాడు ఫణికిరణ్ నవ్వుతూ.

"ఎక్కనివ్వకండి."

"ఎందుకండీ?"

సత్యానందం మొదలుపెట్టాక ఆగలేదు. గ్యాసు సంగతి, అలా నీలంగా అతికిన పదకొండు బళ్ల సంగతి చెప్పాడు. ఏలూరు కాలేజీలో లెక్చరర్‌గా పనిచేసిన విజయ్ కుమార్ వాటిలో ఒకటి తొక్కుతూ కొల్లేరు గట్టు మీద ఎలా పోయాడో చెప్పాడు. రోడ్డు మీద గుంట వల్ల పడ్డాడన్నారు అందరూ. విరిగిన అతుకు లోపల పంచదార పలుకుల్లా మెరుస్తుంటే చూసింది తనొక్కడే. పోలీసులు అడిగితే తనూ గుంటేనన్నాడు. ఆ ఏడాదే షెడ్డు మూసేశారు.

ఫణికిరణ్ సైకిలు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"చింతలపూడిలో విశ్వతేజ అని ఒకతనికి నిరుడు ఒకటి అమ్మానండి," అన్నాడు. "ద్వారకా తిరుమల కొండ దిగుతూ పోయాడు. బ్రేకు పడలేదనుకున్నారు. బండిని నేను చూశాను. ముందు గొట్టం ఊడి ఉంది. రాతికి కొట్టుకుని ఊడిందనుకున్నాను."

నిరుడు. సత్యానందం అరుగు మీద కూర్చున్నాడు. విజయ్ కుమార్ చావును అతను పొరపాటని పిలిచి, ఏళ్లతరబడి దానితో కాపురం చేశాడు. ఈ రెండోది పొరపాటు కాదు. ఇది తన మౌనం చేసిన పని.

"ఇదంతా ఇంకెవరికైనా చెప్పారా?" అని అడిగాడు ఫణికిరణ్.

"లేదండి."

"నేనే అమ్మానని వాళ్లింట్లో తెలుసు," అన్నాడు ఫణికిరణ్. గొంతు తగ్గింది. "మిగతా ఎనిమిదిలో మూడు ఎవరి దగ్గరున్నాయో నాకు తెలుసు. నేను చూసుకుంటాను. మీరు ఇంక కంగారుపడకండి."

చూసుకోడని అతని కళ్లలోనే ఉంది. రాసిమ్మన్న కాగితం ఊసెత్తకుండా సైకిలును వెనక సీటులో పడుకోబెట్టాడు. పద్మప్రియ దాన్ని ఎక్కదు. అంతవరకు నిజం.

ఆ ముగ్గురి అడ్రసులు అడగాలని సత్యానందానికి నోటిదాకా వచ్చింది. అడిగితే వెళ్లాలి. వెళితే ప్రతి గుమ్మంలోనూ మళ్లీ మొదటినుంచీ చెప్పాలి, విశ్వతేజ తల్లికి కూడా. కారు కదిలింది. గుండె మీది బరువు సగం దానితోపాటే పోతున్నట్టు అతనికి హాయిగా అనిపించింది. ఆ హాయిని చూసి భయపడ్డాడు. నోరు మూసుకోవలసిన అవసరం తనకంటే ఎక్కువున్న మనిషికే తాను చెప్పగలిగాడు.

కారు మలుపు దగ్గర నెమ్మదించింది. గట్టిగా పిలిస్తే వినపడే దూరం. అతను పిలవలేదు.