రాగిబ్ మరణ కారణం

పని వల్ల జబ్బు చేసిందని పింఛను కోసం అర్జీ పెట్టుకుని, మెడికల్ బోర్డు ముందు రాగిబ్ చొక్కా విప్పి నిలబడ్డాడు. బొగ్గును కాల్చి కోకు చేసే బట్టీల మీద ఇరవై మూడేళ్లు ఒళ్లు కాల్చుకున్న మనిషి. యాభై నిండకముందే ఎముకల గూడై మిగిలాడు. బోర్డులో కూర్చున్న ముగ్గురిలో ఒక్కరూ లేచి అతని వీపు మీద స్టెతస్కోపు ఆనించలేదు.

"రోజుకి ఎన్ని సిగరెట్లు?" అన్నాడు మధ్యలో ఉన్నాయన.

"నాకు అలవాటు లేదు సార్."

"బోస్నియాలో పొగ తాగని మగాడా?" పక్కాయన నవ్వాడు. "పొగాకు వల్ల వచ్చిన జబ్బని రాసెయ్యండి."

రాగిబ్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన ఎల్వెదీనాకి ఒళ్లు మండింది. ఆమె డాక్టరు పట్టా పుచ్చుకుని విశ్వవిద్యాలయంలో కుటుంబ వైద్యంలో శిక్షణ పొందుతోంది, మూడో ఏడు. "రెండేళ్లుగా నేనే చూస్తున్నానండీ. ఈయన ఎప్పుడూ ముట్టలేదు," అంది.

"నువ్వు ట్రైనీవి. బయట కూర్చో."

బయటికొచ్చాక రాగిబ్ మెట్టు మెట్టుకీ ఆగాడు. "నా కోసం మాట పడ్డావు తల్లీ," అన్నాడు. ఆమె అతని చంక కింద చెయ్యి వేసి మెట్లు దింపింది.

విశ్వవిద్యాలయం కుటుంబ వైద్య విభాగంలో ఆమెతో కలిపి ట్రైనీలు తొమ్మిది మంది. "రోగినే కాదు, రోగి ఇంటిని చూడండి" అని ప్రొఫెసర్ నియాజ్ వాళ్లని కోకు కార్ఖానా కింది వీధులకి పంపాడు. రెండేళ్లు గడప గడపా ఎక్కారు. గుండెలు విన్నారు, ఊపిరి కొలిచారు. రాగిబ్ భార్య షెవాలా పెట్టిన మాంసం కూరిన బురెక్ రొట్టె తినకుండా మరో ఇంటికి కదిలింది లేదు. అన్నీ కూడి చూస్తే లెక్క తేలింది. బట్టీ మీది మగవాళ్ల ఊపిరే కాదు, ఆ మగవాళ్ల పనిబట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్ల ఊపిరీ సగమైంది.

ట్రైనీలు రాసిచ్చిన నివేదికని ప్రొఫెసర్ చదివాడు. విభాగానికి కొత్త భవనం కట్టించింది ఆ కార్ఖానా వాళ్లే. "ఇంకా పరిశీలించాలి," అని నివేదికని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున రాగిబ్ పోయాడు. పడుకుంటే ఊపిరాడక కుర్చీలో కూర్చునే పోయాడు. మరణ పత్రం రాయడానికి డ్యూటీలో ఉన్న ఎల్వెదీనా వెళ్లింది. దారిలోనే ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. "శ్వాస ఆగిపోయిందని రాయి, చాలు. నీ మంచికే చెప్తున్నా."

షెవాలా భర్త పాదాలకి మేజోళ్లు తొడుగుతోంది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"రెండేళ్లు మా గుండెలకి చెవి పెట్టారు కదా బిడ్డా. ఏం వినపడిందో ఒక్కసారైనా రాస్తారా? పోయినోడు ఎట్లాగూ రాడు. ఈ వీధిలో దగ్గేవాళ్లు ఇంకా ఉన్నారు."

ఎల్వెదీనా పత్రం మోకాలి మీద పెట్టుకుంది. మరణ కారణం దగ్గర రాసింది: కోకు బట్టీ ధూళి, పని వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు.

మర్నాడే ఆమెను శిక్షణ నుంచి తప్పించారు. ఆ పత్రం చించి ఇంకొకటి రాయించారు.

ఆదివారం షెవాలా ఇంట్లో అందరూ కూడారు. కుర్చీలు చాలక ట్రైనీలు, కార్మికులు నేల మీద కలిసి కూర్చున్నారు.

"అందరం నిజమే రాసి, మనందర్నీ తీసేస్తే ఈ జనానికి మందు రాసేదెవరు?" అన్నాడు మిర్నెస్. అతనూ ట్రైనీయే, ఆ కార్మిక వాడలోనే పుట్టాడు. "మా నాన్న ఇప్పటికీ బట్టీ మీదే ఉన్నాడు. కార్ఖానా మూతపడితే?"

"మూసెయ్యమని ఎవడడిగాడ్రా?" బట్టీ మేస్త్రీ హామ్జో గర్జించబోయి దగ్గుతో వంగిపోయాడు. దగ్గు తగ్గేదాకా అంతా ఆగారు. "బట్టీలకి పొగ కక్కే తలుపులు మార్చమంటున్నాం. బతికుండి పనిచేసుకుంటామంటే నేరమా?"

"నీకేం అన్నా, పోరాడతావు. నేను చదువు పోగొట్టుకుంటే మా ఇంట్లో మిగిలేది దగ్గే."

"అది నువ్వు చదువుకోకముందు నుంచీ ఉందిలే నాయనా," అంది షెవాలా.

మిర్నెస్ లేచి వెళ్లిపోయాడు. మిగిలిన వాళ్లు ఒక మాట మీదికి వచ్చారు. ఎవరి డ్యూటీలో ఎవరు పోయినా నిజమే రాయాలి. ఒకరిని తీసేస్తే రెండోవాళ్లు రాయాలి.

మూడు వారాలకి అదే వీధిలో ఇస్మేతా పోయింది. బట్టీ గేటు ఎన్నడూ దాటని మనిషి, పెళ్లయింది మొదలు మొగుడి పనిబట్టలు ఉతికింది. ఆ రోజు డ్యూటీ మిర్నెస్‌ది. పెరట్లో షెవాలా, మిగతా ఆడవాళ్లు నిలబడ్డారు. అతను లోపలికెళ్లి చాలాసేపటికి బయటికొచ్చాడు.

"కోకు ధూళి అని రాశాను," అన్నాడు. "బట్టలు ఉతకడం వల్ల అని కూడా రాశాను. మా అమ్మా అవే బట్టలు ఉతుకుతుంది." మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. షెవాలా పక్కన కూర్చుని వీపు నిమిరింది.

ఒక్కొక్కరే నిజం రాసి, వేసవి వచ్చేసరికి తొమ్మిది మందీ విభాగం బయట పడ్డారు. తొమ్మిదో పత్రం రాసిన రోజున ఆ పోయిన మనిషి శవపేటిక భుజం మారుతూ కార్ఖానా గేటు దాకా వచ్చి ఆగింది. లోపలికి పోవాల్సిన షిఫ్టు పోలేదు. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి ఎల్వెదీనాని, హామ్జోని జీపెక్కించారు. డాక్టరునని చెప్పుకుని అబద్ధాలు పుట్టిస్తోందని ఆమె మీద, షిఫ్టు ఆపించాడని అతని మీద నేరం మోపారు.

స్టేషన్ ముందుకి జనం వచ్చారు. ఎవరూ రాయి ఎత్తలేదు. కింది వీధుల మగవాళ్లు, ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వరసలో నిలబడ్డారు. వరస వంతెన దాకా సాగింది.

"ఏం కావాలి మీకు?" అన్నాడు ఫిర్యాదులు రాసుకునే స్టేషన్ రైటర్.

"ఫిర్యాదు ఇస్తాం," అంది ముందున్న షెవాలా.

"అందరిదీ కలిపి ఒక్కటి రాసివ్వండి."

"అందరికీ కలిపి ఒక్క ఊపిరి లేదు కదయ్యా. ఎవరిది వాళ్లే ఇస్తారు."

రైటర్ విసుగ్గా కాగితం తీశాడు. లోపలి గదిలో ఉన్న ఎల్వెదీనాకి ఆ గొంతు వినిపిస్తోంది. షెవాలా తన పేరు చెప్పింది, భర్త పేరు చెప్పింది, బట్టీ పేరు చెప్పింది. నాలుగో మాటకి ఊపిరి అందక బల్ల పట్టుకుని ఆగింది. వెనక వరస కదల్లేదు.

"అయిపోయిందా?" అన్నాడతను.

"లేదు. నిదానంగా చెప్తాను," అంది షెవాలా. "నువ్వు రాసుకో."