హెలెన్‌కి వైద్యం చెయ్యాలా వద్దా

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందికి జరిగిపోతాయి. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. నా నిదానం వల్ల ఎవరికీ నష్టం లేదనుకునేదాన్ని. మొన్న దాని వల్లే ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ సంగతే చెబుతాను.

మా మనవరాలు సారిక ధవళేశ్వరంలో మా ఇంటి నుంచే రోజూ రాజమండ్రి కాలేజీకి వెళ్లొస్తుంది. సాయంత్రం రాగానే ఫోనులో ఒక ఆట ఆడుతుంది. పేరు ఏడు కోటలు. ఎక్కడెక్కడి వాళ్లో ఎవరి ఇళ్లలో వాళ్లుండి, తలా ఒక వేషం కట్టి, ఐదుగురు ఒక జట్టుగా అడవుల్లో తిరుగుతూ రాక్షసులతో పోట్లాడతారు. సారిక కత్తి పట్టిన రాణి. వాళ్ల జట్టులో వైద్యం చేసే పిల్లకి పెళ్లి కుదిరి ఆట మానేసింది.

"మామ్మా, నువ్వు చేరొచ్చుగా," అంది సారిక.

"నేనా? ఆ రాక్షసుల పక్కన నా బొమ్మ పెట్టడానికా?"

"నిడదవోలు మామ్మ ఆడట్లేదా? విల్లు పట్టుకుని అందరికంటే ముందు పరిగెడుతుంది."

నిడదవోలు మామ్మ అంటే హెలెన్. మా ఆయన సొంత చెల్లెలు, టీచరు చేసి రిటైరైంది. దానితో నేను మాట్లాడి నాలుగేళ్లయింది.

మా ఆయన సామ్యేలు గారు పెళ్లయిన కొత్తలో వాల్తేరులో రైల్వే ఖలాసీ. నేను నిడదవోలులో అత్తగారింట్లో ఉండేదాన్ని. నెలకో ఉత్తరం వచ్చేది. నాకు చదువు రాదు. హైస్కూల్లో ఉన్న హెలెన్ చదివి వినిపించేది. 'చెల్లి చదువుకునే పిల్ల, రోజూ ఒక కోడిగుడ్డు పెట్టు' అని ప్రతి ఉత్తరంలోనూ ఉండేది. ఆరేళ్లు పెట్టాను. చివర్లో ఒక మంచి మాట కూడా ఉండేది. 'నువ్వు వడ్డించని అన్నం గొంతు దిగడం లేదు' అని ఒకసారి. 'రైలు కూత వినబడితే నువ్వు పిలిచినట్టుంటుంది' అని ఇంకోసారి. ఆయన ఇంటికొస్తే నోరు విప్పేవారు కాదు. కాగితం మీదే మాట్లాడే మనిషి కాబోలు అని సర్దుకున్నాను. ఆయన పోయాక ఆ మాటలే తలుచుకుంటూ వచ్చాను.

అరవై రెండో ఏట, పెద్దవాళ్లకి చదువు చెప్పే తబిత టీచరు దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదవడం రాగానే ఉత్తరాల పెట్టె తీశాను. 'ఇక్కడ క్షేమం. చూరు నేయించు. గేదెకి తవుడు పెట్టు. అమ్మకి దగ్గు తగ్గిందా.' అన్నీ ఇంతే. కోడిగుడ్డు ఒక్క ఉత్తరంలోనూ లేదు. రైలు కూతా లేదు.

ఫోను చేసి గుడ్ల సంగతి అడిగాను. హెలెన్ పడీ పడీ నవ్వింది. నేను పెట్టేశాను. రైలు కూత సంగతి మాత్రం అడగలేదు. అది కూడా గుడ్డు లాంటిదే అంటుందేమోనని భయం. నలుగురితో మాత్రం కోపం వల్లే మాట్లాడటం లేదని చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆటలో చేరితే నేనే ముందు తగ్గినట్టు. చేరనని తేల్చేసి చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. కానీ మనసు ఆట చుట్టూనే తిరిగింది.

"ఆ వైద్యం మంత్రాలతోనా?" అని అడిగాను. "మంత్రాలైతే నా వల్ల కాదు."

"ఆకుపసరు మామ్మా."

"పసరైతే పర్వాలేదు. హెలెన్ కిందపడితే లేపాల్సింది నేనేనా?"

"నువ్వే."

"లేపకపోతే?"

"చచ్చిపోతుంది. మళ్లీ మొదటి గేటు నుంచి నడిచి రావాలి. పావుగంట."

"మోకాళ్ల నొప్పులతోనా?"

"ఆటలో నొప్పులేంటి మామ్మా?"

"లేవా? పోనీలే."

రెండు రోజులు ఆలోచించాను. చేరితే చిన్నతనం. చేరకపోతే హెలెన్ కిందపడటం నా కళ్లతో చూడలేను. చివరికి పేరు మార్చుకోవచ్చని సారిక చెప్పాక ఇక ఆగలేదు. డాక్టర్ చిలక అని పెట్టించుకున్నాను. ఎవరికీ చెప్పనని సారిక చేత ఒట్టు వేయించుకుందామంటే, ఒట్టు వేయకూడదని నేనే నేర్పాను. మాట తీసుకున్నాను.

మొదటి సాయంత్రం తెర మీద జట్టుకి నమస్కారం రాయడానికే చాలాసేపు పట్టినా, బాగానే గడిచింది. పోరు అయ్యాక ఎవరి వాటా ధాన్యం వాళ్ల సంచిలో పడుతుంది. నేను సంచి మూసేముందు ప్రతిసారీ కొంచెం తీసి కోట గాదెలో వేశాను. వేయమని ఎవరూ చెప్పలేదు. మా చర్చి ఆడవాళ్లం ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తాం. ఆదివారం అవి చర్చికి ఇస్తాం. ఇన్నేళ్ల అలవాటు కదా, ఫోను మీద కూడా వేలు దానంతటదే అటు పోయింది.

మూడో సాయంత్రం తెర మీద ఒక మాట కనిపించింది. 'వదినా.'

నేను గబగబా ఒక చెట్టు వెనక్కి జరిగాను.

'సంచి మూసేముందు పిడికెడు పక్కన పెట్టే డాక్టరు ఈ ఆటలో ఇంకెవరున్నారు? పైగా అక్షరానికో అరగంట.'

అంతలో రెండు తలల అడవిపంది వచ్చి హెలెన్‌ని కుమ్మేసింది. విల్లు ఒక పక్క, మనిషి ఒక పక్క.

'పడిపోయాను. పసరు వెయ్యి వదినా.'

నాలుగేళ్లుగా నేను ఎదురుచూసిన ఘడియ. 'ఆ రైలు కూత ఎవరిది' అని రాయడం మొదలుపెట్టాను.

"ముందు లేపు మామ్మా, తర్వాత రాద్దువుగాని," అంది సారిక.

"ఉండవే, 'రై' దొరకడం లేదు."

'రై' దొరికి, 'లు' పెట్టేసరికి హెలెన్ చచ్చిపోయింది.

మొదటి గేటు నుంచి నడక దానంతటదే సాగుతుందట. చేతులు ఖాళీ. అందుకని దారి పొడుగునా రాసింది. 'ఆటలో కూడా నన్ను నడిపిస్తున్నావు.' ఆ వెంటనే, 'అన్నయ్య వాల్తేరు వెళ్లేముందు చెప్పాడు. నాకు రాయడం చేతకాదు, చివర్లో ఒక మంచి మాట కలిపి చదువు, మీ వదిన సంతోషిస్తుంది అన్నాడు. ఊరికే కలపను అన్నాను. అయితే రోజుకో గుడ్డు కూడా కలుపుకో అన్నాడు.'

మూడుసార్లు చదివాను. సారిక నా మొహం చూసి మంచినీళ్లు తెచ్చింది.

ఇది నిజమో, నడుస్తూ నడుస్తూ కల్పించిందో నాకు తెలియదు. హెలెన్‌కి పావుగంట చాలా ఎక్కువ. అడగదలచుకోలేదు. 'ఆరేళ్లు గుడ్లు తిన్నావు. ఇంకా చదవాల్సినవి ఉన్నాయి' అని రాశాను. అది రాసేసరికి ఆ నడుస్తున్న మనిషి వచ్చి నా పక్కన నిలబడింది.

అప్పటినుంచి హెలెన్ కిందపడితే, పసరు వేసేముందు ఒక ఉత్తరం చదవాలి. నిన్న అడవి మధ్యలో పడి, 'నీ మజ్జిగ పులుసు తలుచుకుంటే డ్యూటీకి దారి తప్పుతున్నాను' అని చదివింది. మా ఆయనకి మజ్జిగ పులుసు అసలు పడదు.

అయినా లేపాను. కొంచెం నిదానంగా.

సంపూర్ణమ్మ, అరవై ఏడేళ్లు, ప్రస్తుతం ధవళేశ్వరంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను.