హథ్‌ఖోజ్ చెరువు కప్పలు

తులసమ్మ పొద్దున్నే క్వార్టర్ గుమ్మంలో ముగ్గేసి, పక్కన పళ్ళెంలో నీళ్ళు పెట్టేది. భిలాయిలో ఎండలు ముదిరినప్పటినుంచీ ఊరొదిలి వెళ్ళే జీవాలన్నీ ఆవిడకి చెప్పే వెళ్ళేవి. పిట్టలైనా, తొండలైనా ఓ గుక్క తాగి, ఆవిడ మొహంలోకి ఓసారి చూసి, చల్లని చోటు వెతుక్కుంటూ ఉత్తరానికి పోయేవి. పాలబ్బాయి వాటిని తొక్కకుండా తప్పుకుని పాలు పోసేవాడు.

పక్క క్వార్టర్‌లో ఉండే అపర్ణది కప్పల్ని లెక్కపెట్టే ఉద్యోగం. ఏ జీవం ఏ ఊళ్ళో ఉంది, ఎటు జరుగుతోంది అని చూసే సర్వే అది. వానాకాలమంతా వారానికో సాయంత్రం హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీ షెడ్ల వెనకున్న చెరువు గట్టున నిలబడి, బెకబెకలు విని, ఎన్నున్నాయో కాగితం మీద రాయాలి. మొదటి ఏడాది శ్రద్ధగానే వెళ్ళింది. రెండో ఏడాది ఆ బురదా, దోమలూ విసుగనిపించాయి. సుపేలా బజార్లో చాట్ బండి దగ్గర కూర్చుని, పాత కాగితాలు చూసి నూట తొంభై, రెండొందలు అని రాసేసింది. ఎవరూ అడగలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక ఆదివారం తులసమ్మ గోడ మీంచి పిలిచింది.

"ఒలే అపర్ణా, ఓపాలి ఇలాగొచ్చి సూడు."

పళ్ళెంలో ఏడు కప్పలు. చర్మం ఎండిపోయి, వేళ్ళు చిట్లి ఉన్నాయి.

"ఇవేటత్తా, హథ్‌ఖోజ్‌వేనా?"

"అవే. తొలకరికి రెండొందల దాకా వచ్చి సెలవడిగి ఎల్లినాయి. తిరిగొచ్చినవి ఇయ్యే. మద్దెలో నెల్లాలు వాన పడలేదు కదా, దారిలో నీల్లు దొరకలేదు కావాల."

తొలకరి తర్వాత అవన్నీ చెరువులోనే ఉన్నట్టు అపర్ణ పదకొండు కాగితాలు నింపింది.

మర్నాడు సర్వే చూసే రామమోహనరావుగారి ముందు నిలబడింది.

"సర్, ఈ ఏడాది నేను చెరువుకి వెళ్ళలేదు. అన్నీ ఇంట్లో కూర్చుని రాసినవే."

అప్పుడు కూడా చాట్ బండి మాట దాచినందుకు ఆమె చెవులు వేడెక్కాయి.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కప్పలు బయల్దేరాయని తెలిస్తే కొండలవైపు పోయే కవర్ధా దారి పొడుగునా నీటిగుంటలు తవ్వించేవాళ్ళం అమ్మా. నీ కాగితాలు చూసి, ఇక్కడే ఉన్నాయి కదా, వచ్చే ఏడాది చూద్దామన్నాం."

ఆయన తిట్టుంటే బాగుండుననిపించింది అపర్ణకి.

ఆ ఏడింటినీ స్టీలు క్యానులో పెట్టి, తడిగుడ్డ కప్పి, అపర్ణ కవర్ధా బస్సెక్కింది. పక్క సీటు ముసలామె గుడ్డ తొలగించి చూసి, "ఎక్కడికి బేటీ?" అంది.

"కొండలకి దాదీ. వీటి వాళ్ళంతా నా మూలంగా పోయారు."

ముసలామె తన సీసాలో నీళ్ళు కొంచెం క్యానులో పోసి, కిటికీ వైపు తిరిగిపోయింది.

మైకల్ కొండల కింద వాగు దగ్గర వదిలితే ఆరు నీళ్ళలోకి దూకాయి. ఏడోది అపర్ణ పాదం మీదికెక్కి కూర్చుంది. పడిపోతుందని ఆమె కదల్లేదు. రోడ్డు మీద వెనక్కెళ్ళే ఆఖరి బస్సు హారన్ కొట్టి, కాసేపాగి, వెళ్ళిపోయింది. అప్పుడు కప్ప నెమ్మదిగా దిగి వాగులోకి పోయింది.

వాగు పక్క ఊళ్ళో ఎవరో చోటిచ్చారు. తెల్లారగానే ఆమె వాళ్ళని గునపం, పార అడిగి తీసుకుని, రోడ్డు వెంబడి వెనక్కి నడిచి, నీడున్న చోట మొదటి గుంట తవ్వడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగినవాళ్ళకి జరిగింది జరిగినట్టు చెప్పింది. మూడోరోజు ఆ ఊరి ఆడవాళ్ళు ఇద్దరు తట్టలు పట్టుకొచ్చి మట్టి ఎత్తసాగారు. అపర్ణ తలెత్తి వాళ్ళ మొహాలు చూడలేకపోయింది. వంచిన తల వంచినట్టే తవ్వుతూ పోయింది.