కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళు

నాకు అక్షరాలు యాభై ఏళ్ళు దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పినా, రాత నెమ్మదిగా నడిచినా మన్నించండి.

కువైట్‌లో నేను వంట చేసిన ఇంట్లోనే చంద్రరావు కారు నడిపేవాడు. అతనిది భీమవరం పక్కన పల్లెటూరు. అంత పెద్ద ఊళ్ళో తెలుగు మాట వినాలంటే నాకు అతను, అతనికి నేను.

నేను భర్త పోయినదాన్ని. ఎవరైనా బయల్దేరుతుంటే ఎదురు రాకూడదన్నది మా ఊరు ఉప్పాడలోనే నా ఒంటికి అలవాటైపోయింది. కువైట్‌లో ఎవరికీ ఆ పట్టింపు లేదు. అయినా పొద్దున్నే కారు తాళాల చప్పుడు వినగానే వంటింటి తలుపు వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. ఏదో దాస్తున్నానని ఇంటావిడ రెండుసార్లు నా పెట్టె వెతికించింది. చంద్రరావు మాత్రం కనిపెట్టేశాడు.

“ఏంటండి పిన్నిగారూ, కువైట్ వచ్చి కూడా దాగుడుమూతలేనా?”

“నీకెందుకు నాయనా, నీ దారిన నువ్వెళ్ళు.”

“మన శకునాలకి ఇక్కడ వీసా ఇవ్వరండి. ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు.”

నవ్వొచ్చేది. అయినా దాక్కునేదాన్ని.

ఒక ఏప్రిల్ ఉదయం చెత్త సంచి బయట పడేసి వస్తూ మెట్ల దగ్గర అతనికి సరిగ్గా ఎదురుపడ్డాను. యజమాని బంధువును తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు బయల్దేరాడు.

“ఆగు. లోపలికొచ్చి కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళు.”

“లేటవుద్దండి.”

“మీ అమ్మయితే ఇలాగే పంపుద్దా?”

అమ్మ మాట ఎత్తేసరికి వచ్చి వంటింటి స్టూలు మీద కూర్చున్నాడు. గ్లాసు ఎత్తి తాగి, బోర్లించి చూపించాడు.

“చూడండి, చుక్క మిగల్చలేదు. ఇప్పుడైనా నవ్వండి.”

అతను వెళ్ళిన కాసేపటికి కిటికీ ఎర్రబడింది. ఇసుక గాలి. ఎదుటి మేడ కూడా కనిపించలేదు. ఆ గాలిలో పెద్ద రోడ్డు మీద ఆగి ఉన్న లారీని కారు గుద్దింది.

యజమాని ఆస్పత్రి నుంచి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

“కాస్త ముందు బయల్దేరి ఉంటే గాలి లేవకముందే చేరేవాడు,” అన్నాడు అరబ్బీలో, ఎవరితోనూ కాదు.

ఎందుకు ఆలస్యమైందో ఆయనకు తెలియదు. నేను కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఉండిపోయాను. ఆ ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. మా ఊళ్ళో అయితే మొహం మీదే అనేవారు. అలా అనిపించుకోవడమే నయమనిపించింది.

చంద్రరావు శవం పెట్టెలో ఊరు చేరి, కర్మలు అయ్యాక అతని భార్య వెంకటదుర్గ ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు ఎండిపోయి ఉంది.

“పిన్నిగారూ, ఆ పొద్దున ఆయనకెవరు ఎదురొచ్చారండి?”

“నేనేనమ్మా.”

వెనక ఎక్కడో కుక్కరు కూత వేసింది.

“మరి కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వలేదా?”

ఆ ప్రశ్నకే నేను భయపడుతూ ఉన్నాను.

“ఇచ్చానమ్మా. గ్లాసు ఖాళీ చేసి వెళ్ళాడు.”

“అయితే దాహంతో పోలేదు,” అంది. “మనవాళ్ళ చేతి నీళ్ళు తాగే వెళ్ళారు. అది చాలండి నాకు.”

యజమాని అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల పట్టుకోవడానికి ఆ గ్లాసొక్కటే మిగిలింది. లాక్కోలేకపోయాను.

ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఆయన నీళ్ళెలా తాగారో ఇంకోసారి చెప్పమంటుంది. గ్లాసు బోర్లించి చూపించాడని చెబుతాను. అక్కడితో ఆపేస్తాను.

నా పేరు లోవమ్మ. వయసు అరవై ఒకటి. మా ఇంటిని సముద్రం తీసుకున్నాక, ఉప్పాడలోనే వెనకవైపు కట్టిన కొత్త కాలనీలో ఉంటున్నాను.