టిక్కు పెట్టిన పాఠం

"మళ్లీ శనివారం కల్లానికి రావాలంట, అమ్మ చెప్పింది. కూర్చుని మిరపకాయల్లో తాలుకాయలు ఏరడమేగా, కొండలు పిండికొట్టమన్నామా? పైగా నీకు జీతంతో సెలవు" అన్నాడు భర్త వెంకటనారాయణ, టిఫిన్ బాక్సు అందుకుంటూ.

జ్యోతిర్మయి తన బ్యాగు భుజాన వేసుకుంది. పోయిన నెల రెండు రోజులు సెలవు పెట్టి అత్తగారి కల్లంలో మిరపకాయలు ఏరిన మంట చేతుల్లోంచి ఎప్పుడో పోయింది. లోపలి మంటే పోలేదు.

గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె డేటాబేస్ చెబుతుంది. ఏ పాఠం వస్తే ఏది అర్థమవుతుందో, చుట్టరికాలు కలిపినట్టు కోర్సంతా కలిపి కంప్యూటర్లో ఆంటాలజీ అనే పాఠాల పటం కట్టింది ఆమే. ప్రశ్నపత్రం పెడితే, చెప్పని పాఠం మీద వచ్చిన ప్రశ్నను అది తాలుకాయలా ఏరి పారేస్తుంది. చెప్పామని టిక్కు పెట్టాల్సింది మాత్రం మనిషే. కల్లం నుంచి వచ్చిన మర్నాడు, సిలబస్ అయిందా అని హెచ్‌ఓడీ రామమూర్తిగారు తొందరపెడితే, ఆ రెండు రోజుల పాఠానికీ టిక్కు పెట్టేసింది. తర్వాత చెబుదామనుకుంది. అంతలో అత్తగారికి జ్వరం, ఇంటినిండా చుట్టాలు. ఆ తర్వాత అన్నది రానేలేదు. పరీక్షలో ఆ పాఠం మీద పది మార్కుల ప్రశ్న మాత్రం వచ్చింది.

"ఆ పాఠం మాకు చెప్పలేదండీ" అంది లిడియా నిన్న రామమూర్తిగారి గదిలో. నాలుగు మార్కుల తేడాతో పరీక్ష తప్పిన పిల్ల. మిగతావాళ్లు ఇంటర్నల్ మార్కులకు భయపడి నోరెత్తలేదు.

"సిస్టమ్ అబద్ధం చెబుద్దా? మేడమ్ మీద నిందలేస్తావా? రేపు క్షమాపణ రాసుకురా!" అని గద్దించారు రామమూర్తిగారు.

లిడియా అక్కడే ఉన్న మేడమ్ వైపు చూసింది. జ్యోతిర్మయి తేలు కుట్టిన దొంగలా తలొంచుకుంది. ఇంట్లో పన్నెండేళ్లుగా ఎవరూ తన మాట లెక్కచేయకపోతే ఎంత ఏడ్చిందో తనకు తెలుసు. తెలిసీ ఆ పిల్లకు అదే చేసింది. రాత్రి అన్నం సయించలేదు.

కాలేజీకి వెళ్లేసరికి లిడియా వరండాలో మడిచిన కాగితంతో నిలబడి ఉంది. జ్యోతిర్మయి ఆమెను పిలిచి కంప్యూటర్ ముందు తన పక్కన కూర్చోబెట్టుకుని, ఆ టిక్కు తీసేసింది. చెప్పని పాఠంలోదని పది మార్కుల ప్రశ్న తెరమీద ఎర్రగా మారింది. కారణం అడిగింది కంప్యూటర్. అనారోగ్యం అని రాస్తే ఎవరూ ఏమీ అనరు.

"ఆ రెండు రోజులు మా అత్తగారి కల్లంలో మిరపకాయలు ఏరాను. పాఠం చెప్పలేదు. అబద్ధం నాది, లిడియాది కాదు" అని టైపు చేసి రామమూర్తిగారికి పంపింది. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు.

"ఆ కాయితం చించెయ్యమ్మా" అంది.

తర్వాత భర్తకు ఫోన్ చేసింది.

"శనివారం పిల్లలకు పాఠం చెప్పాలండి. కాయలు మీరు ఏరండి."