అంబ్రోస్ కూర్చోని కుర్చీ

ఆ వాక్యాన్ని నేను మొదటిసారి చదివింది జూన్ మొదటి మంగళవారం, ఆల్డర్‌షా టౌన్‌హాల్ మెట్ల పక్కన, ఆయన స్మారకం కోసం రాయించిన అట్ట ముందు నిలబడి. "ఈ కుర్చీలో కూర్చుని అంబ్రోస్ థాక్రా ముప్పై నాలుగేళ్ల పాటు ఈ ఊరి ప్రజల కష్టసుఖాలు విన్నారు." అచ్చుతప్పు ఒక్కటీ లేదు. ఏళ్ల లెక్క కూడా సరిపోయింది. చెప్పిన విషయమే తప్పు.

కుర్చీ మాత్రం అసలుదే. లైబ్రరీ వెనక గదిలో ఉండేది. ఆకుపచ్చ తోలు, వెడల్పాటి చేతులు, ఎడమ చేతి మీద ఎందరో గోళ్లతో గీకి గీకి చేసిన గుంట. కాకపోతే అందులో కూర్చున్నది అంబ్రోస్ కాదు. ఆయన దగ్గరకు వచ్చినవాళ్లు.

నేను ఇరవై ఆరేళ్లు మా ఊరి ఎంపీ అంబ్రోస్‌కి ఏజెంటుగా పనిచేశాను. ఎన్నికలప్పుడు కరపత్రాలు, మిగతా రోజుల్లో ఉత్తరాలు, ప్రతి శుక్రవారం నాలుగు నుంచి ఏడు దాకా విన్నపాల పూట. లండన్ రైలు దిగి ఆయన నేరుగా లైబ్రరీకి వచ్చేవారు. అక్కడ మాకిచ్చింది పిల్లల పుస్తకాల గది. పెద్దవాళ్లు పట్టే కుర్చీ ఈ ఆకుపచ్చది ఒక్కటే, రేడియేటర్ పక్కన. మిగతావన్నీ అయిదేళ్ల పిల్లలకు సరిపోయే ఎర్ర చెక్క కుర్చీలు. పై అంతస్తు నుంచి ఇంకో కుర్చీ తెస్తానని మొదటి వారమే అన్నాను. అప్పటికే ఆయన ఒక ఎర్ర కుర్చీలో కూలబడి ఉన్నారు. ఆరడుగుల రెండంగుళాల మనిషి.

"వద్దులే సిరిల్. మోకాళ్లు చెవులకు తగిలేలా కూర్చున్నవాణ్ణి చూసి ఎవరు భయపడతారు?" అన్నారు.

అంతే. ఆ తర్వాత మారలేదు. వచ్చినవాళ్లు వెచ్చగా, ఎత్తుగా కూర్చునేవాళ్లు. ఎంపీ గారు కింద నుంచి తలెత్తి వినేవారు.

ఊరందరికీ తెలిసిన అంబ్రోస్ వేరు. ఒకసారి రెండు వందల పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయి, ఓట్లు లెక్కించిన హాలు మెట్ల మీద నిలబడి, "మీ తీర్పు వినబడింది. ఇంకాస్త మెల్లగా చెప్పినా వినబడేది" అన్నారు. నాలుగేళ్లకు వాళ్లే మళ్లీ గెలిపించారు. ఎనభై దాటాక పెద్దల సభలో సీటు ఇస్తామంటే, "పగటి నిద్రకు నాకు ఇంట్లోనే సోఫా ఉంది" అన్నారు. అవతలి పార్టీ వాళ్లు కూడా ఆయన మాటలు రాసి పెట్టుకునేవాళ్లు. ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు చర్చిలో ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ ఛలోక్తులే చెప్పారు. వాటిలో రెండు ఆయనవి కానే కావు. జనం నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు, హామ్ శాండ్‌విచ్‌లు తిని ఇళ్లకు వెళ్లారు. శుక్రవారాల సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

శుక్రవారాల్లో ఆయన ఒక్క ఛలోక్తి కూడా వేసేవారు కాదు. కారణం నేనొకసారి అడిగాను. "అడగడానికి వచ్చిన మనిషి దగ్గర ఛలోక్తి వేస్తే వాడు నవ్వక తప్పదు. అలాంటి నవ్వు నాకొద్దు" అన్నారు. ఆయన మాటల్లో నేను రాసి పెట్టుకున్నది అదొక్కటే.

అందుకే ఆ వాక్యం దగ్గర నేను కదల్లేకపోయాను. కౌన్సిల్‌లో ఈ స్మారకం పనులు చూసేది జెమ్మా ప్రాక్టర్ అనే అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయి. నా మాట ఓపికగానే వింది.

"అర్థమైంది సిరిల్ గారూ. కానీ మాటలు కమిటీ ఆమోదించింది. మార్చాలంటే కమిటీయే మార్చాలి."

"కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?"

"సెప్టెంబర్‌లో."

"ఆవిష్కరణ ఈ నెల పద్నాలుగున కదమ్మా?"

"అవును. అభ్యంతరాలకు మే నెలాఖరు దాకా గడువిచ్చాం. నోటీసు కూడా పెట్టాం."

"ఎక్కడ పెట్టారు?"

"లైబ్రరీలో," అంది, అని నాలిక కరుచుకుంది. లైబ్రరీ మూసేసి రెండేళ్లయింది. నోటీసు తాళం వేసిన తలుపు లోపలి వైపు అంటించారు. ఎర్ర కుర్చీలు కూడా అప్పుడే ఎవరో పాత సామానుతో పాటు ఎత్తుకుపోయారు. ఒక్కటీ మిగల్లేదు.

జెమ్మా నాకు టీ ఇచ్చింది. చక్కెర ఎంతని అడగకుండానే రెండు చెంచాలు వేసింది. పోయిన నెల వేరే పని మీద వచ్చినప్పుడు నేను చెప్పింది గుర్తుపెట్టుకుందన్నమాట. ఆ పూటకు అదొక్కటే కలిసొచ్చింది.

మర్నాడు కమిటీ అధ్యక్షుడు బారక్లో దగ్గరకు వెళ్లాను. కౌన్సిలర్ కీత్ బారక్లోది టైల్స్ కొట్టు. మంచివాడే. కానీ కాగితం మీద లేనిది లోకంలో లేదని నమ్మే రకం.

"చూడు సిరిల్, మా దగ్గర ఫోటో ఉంది." డ్రాయరు లాగి పత్రికలోంచి కత్తిరించిన ముక్క నా ముందు పెట్టాడు. అంబ్రోస్ ఆకుపచ్చ కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నారు.

"అది ఫోటోగ్రాఫర్ కూర్చోబెట్టాడు కీత్. పిల్లల కుర్చీలో వద్దు, చూడటానికి బాగుండదన్నాడు. పది నిమిషాలు. నేను గదిలోనే ఉన్నాను."

"నువ్వు కనబడటం లేదే."

"నేను ఫ్లాష్ లైటు పట్టుకున్నాను!"

"ముప్పై నాలుగేళ్లలో ఎర్ర కుర్చీలో ఒక్క ఫోటో కూడా లేదా?"

"విన్నపం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లను ఎవరైనా ఫోటో తీస్తారా?"

"పోనీ రిజిస్టరు ఉంటుందిగా. పేర్లుంటాయి, వాళ్లని పిలిపించి అడుగుదాం."

రిజిస్టర్లను నేనే తగలబెట్టాను. పదవి నుంచి దిగిపోయిన వారమే అంబ్రోస్ చెప్పి చేయించారు. మా పెరట్లో, మా ఆవిడ విన్నీ పారతో బూడిద కెలుకుతూ ఉండగా. ఆ సంగతి చెబితే బారక్లో నిట్టూర్చాడు.

"అయితే నీ మాట తప్ప ఏమీ లేదు. ఒక్క సాక్షిని తీసుకురా. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఒక్కరు చాలు. నేనే అత్యవసర సమావేశం పెడతాను. లేకపోతే వదిలెయ్. ఎంపీ పెద్ద కుర్చీలో కూర్చున్నాడంటే ఆయనకేం నష్టం? నువ్వు చెప్పేదానికంటే అదే గౌరవంగా ఉంది."

చిక్కంతా అక్కడే ఉంది. సాక్షులు లేక కాదు. నాకు కనీసం నలభై మంది గుర్తున్నారు. ఇంటి నుంచి గెంటేస్తామని నోటీసు వచ్చినవాళ్లు, కొడుకు జైల్లో ఉన్నవాళ్లు, పింఛను ఆగినవాళ్లు. వాళ్లంతా ఈ ఊళ్లో తలెత్తుకుని తిరుగుతున్నారు. ఆ కుర్చీలో కూర్చున్న సంగతి బయటపడకూడదనే కదా మేం రిజిస్టర్లు కాల్చింది. ఇప్పుడు నేనే వాళ్ల తలుపు తట్టి, "ఒకప్పుడు మీరు చెయ్యి చాచారు కదా, వచ్చి చెప్పండి" అనాలా?

ఇంటికొచ్చి తాళం రెండుసార్లు తప్పు తిప్పాను. విన్నీ ఉంటే, "గొంతు పెంచితే ఎవరూ వినరు, టీ చల్లారుతుంది, అంతే" అనేది. ఆమె పోయి ఆరేళ్లు. ఆఖరి వారంలో ఆమెను చూడటానికి అంబ్రోస్ ఆసుపత్రికి వచ్చారు. అప్పటికి ఆయనకే ఎనభై రెండు. మంచం పక్కన మంచి కుర్చీ ఉంది. దాన్ని వదిలేసి నర్సులు వాడే పొట్టి మెట్టుపీట లాక్కుని దాని మీద కూర్చున్నారు. విన్నీ తల ఎత్తకుండానే ఆయన మొహం చూడగలిగింది. ఆ మధ్యాహ్నం ఛలోక్తులన్నీ ఆమెవి, నవ్వులన్నీ ఆయనవి. ఆ పీట మీద నుంచి ఆయన ఎలా లేచారో నాకిప్పటికీ తెలీదు. తన వైపు చూడొద్దన్నట్టు చెయ్యి ఊపారు, నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

ఆవిష్కరణకు రెండు రోజుల ముందు బస్సులో ఐవీ గ్రీన్‌హాల్ నా పక్కన వచ్చి కూర్చుంది. మా వీధి చివరి ఇల్లు. తొంభై ఒకటి దాటింది, చేతిసంచీ గొడ్డలిలా పట్టుకుంటుంది.

"ఏమయ్యా సిరిల్, నిమ్మకాయ నమిలినట్టున్నావు?"

చెప్పాను. ఫోటో సంగతి, సెప్టెంబర్ సంగతి, తలుపు లోపల నోటీసు సంగతి. నాకు తెలిసిన నలభై మందిలో ఐవీ ఒకతి. పంతొమ్మిదేళ్లు వచ్చింది, నెలకోసారి. ఒక్క ముక్క అడిగితే చాలు, సాక్షి దొరికేది. నాలిక చివరి దాకా వచ్చింది. కిటికీ అద్దం మీద వాన చినుకులు లెక్కపెట్టుకుంటూ మింగేశాను.

"పోనీలే," అంది ఐవీ. "కీత్‌గాడు చిన్నప్పుడు కూడా అంతే. వాళ్లమ్మ పిలిస్తే, రాసిచ్చావా అనేవాడు."

పద్నాలుగో తేదీ శనివారం. టౌన్‌హాల్ వరండాలో ఎనభై మంది దాకా చేరారు. లండన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పావుగంట మాట్లాడాడు, అంబ్రోస్‌ది కాని ఛలోక్తి ఒకటి చెప్పాడు. బారక్లో గుడ్డ లాగాడు. ఎర్ర తాడు కట్టిన చిన్న వేదిక మీద ఆకుపచ్చ కుర్చీ, పక్కన అట్ట. చప్పట్లు కొట్టారు. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. ఇరవై ఆరేళ్ల పనికి అంతకంటే పెద్ద నిరసన నాకు చేతకాలేదు.

"సిరిల్," ఐవీ నా మోచెయ్యి పట్టుకుంది. "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. ఆ అట్ట మీద ఏం రాశారు? పైకి చదువు."

నెమ్మదిగా చదివాను.

"అబద్ధం," అంది. మెల్లగా కాదు. చప్పట్లు ఆగిపోయాయి.

"మిసెస్ గ్రీన్‌హాల్, ప్రశ్నలకు తర్వాత..." అన్నాడు బారక్లో.

"ప్రశ్న కాదురా అబ్బాయ్, జవాబు. ఈ తాడు తియ్యి." ఎవరూ తియ్యలేదు. ఐవీ చేతికర్రతో తాడు నొక్కిపట్టి, ఒక కాలు, తర్వాత రెండో కాలు దాటించి, వెళ్లి కుర్చీలో కూర్చుంది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుంది. ఎడమ చేతి బొటనవేలు ఆ గుంటలోకి దానంతటదే వెళ్లింది.

"ఇది నా చోటు. ఆయన అక్కడ కింద కూర్చునేవాడు, పిల్లల కుర్చీలో. నాకు కళ్లజోడు లేదు. ఎప్పుడూ లేదు. నాకు చదవడం రాదు." పెదాలు తడుపుకుంది. "అద్దె ఆఫీసు నుంచి ఉత్తరం వస్తే తెచ్చి ఇచ్చేదాన్ని. 'మనసులో చదివితే నాకు తలకెక్కదండీ, పైకి చదువుకుంటాను, ఏమనుకోకండి' అనేవాడు. పంతొమ్మిదేళ్లు. అంత పెద్ద చదువులు చదివినవాడికి తలకెక్కదట! అది అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు."

ఐవీ కూతురు రెండో వరసలో నిలబడి ఉంది. అరవై ఏళ్ల మనిషి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెకూ తెలియదని అప్పుడు అర్థమైంది నాకు.

"ఇంకా సాక్షి కావాలా కీత్?" అంది ఐవీ.

బారక్లో గొంతు సవరించుకున్నాడు. "అక్కర్లేదండీ. కానీ మార్పు అన్నది సమావేశంలోనే... సభ్యులు ముగ్గురు సెలవుల్లో ఉన్నారు, సెప్టెంబర్ కంటే ముందు..."

నాకు నిజంగా అరవాలనిపించింది. ఆ ముసలామె తొంభై ఏళ్లు దాచుకున్నది ఊరి ముందు పెడితే, సెప్టెంబర్! అరిచేవాణ్ణే. ఈలోగా జెమ్మా వేదిక ఎక్కి, అట్టను మేకుల నుంచి లాగి, చంకలో పెట్టుకుంది.

"మాటలు మార్చడానికి కమిటీ కావాలి," అంది బారక్లోతో. "అట్ట మీద మరక పడింది. శుభ్రం చేయించడానికి కమిటీ అక్కర్లేదు. సెప్టెంబర్ దాకా పడుతుంది." మరకేమీ లేదు. బారక్లో అట్ట వైపు చూశాడు, అమ్మాయి వైపు చూశాడు, ఏమీ అనలేదు. అది కూడా ఒక ఉపకారమే అనుకున్నాను.

తర్వాత జెమ్మా నా వైపు తిరిగింది. "సిరిల్ గారూ, ఎంత కింద కూర్చునేవారు? అసలు ఎలా ఉండేది?"

చెప్పడం నాకు రాలేదు. తాడు పక్కకు జరిపి, వేదిక అంచున, ఐవీ కాళ్ల ముందు కూర్చున్నాను. మోకాళ్లు చెవుల దాకా రాలేదు, నేనంత పొడుగు కాదు. తలెత్తి చూశాను. అక్కణ్ణుంచి ఐవీ చాలా పెద్దమనిషిలా ఉంది. ఇరవై ఆరేళ్లు గుమ్మం దగ్గర కూర్చున్నాను కానీ, ఆ చోటు నుంచి వాళ్ల మొహాలు ఎలా కనబడతాయో నేనెప్పుడూ చూడలేదు.

ఐవీ చేతిసంచీ తెరిచి, గ్యాస్ కంపెనీ కవరు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"మంగళవారం వచ్చింది. పైకి చదువు."

చదివాను. మీటరు చూడటానికి ఎవరో వస్తారట, ఇంట్లో ఉండమన్నారు. అంతే. ఐవీ తల ఊపింది. రెండో వరసలోంచి ఆమె కూతురు వచ్చి కుర్చీ చెయ్యి మీద చెయ్యి వేసి నిలబడింది.

కూర్చోవడం తేలికే. లేవడానికి మాత్రం ఒకవైపు జెమ్మా, ఇంకోవైపు బారక్లో పట్టుకోవాల్సొచ్చింది.

"అంబ్రోస్ ప్రతి వారం ఇలాగే లేచేవాడా?" అన్నాడు బారక్లో రొప్పుతూ.

"ప్రతి వారం," అన్నాను. "అప్పుడు మాత్రం తన వైపు చూడొద్దనేవారు."